నీళ్లు ఎటు పోతున్నట్టు

గంటసేపు ఆగాలి. మూత మీద చెయ్యి వెయ్యకూడదు. ఇంజన్ గురించి వినోదకు కచ్చితంగా తెలిసిన సంగతి అదొక్కటే, అదీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు, శ్యాంసుందర్ ఎడమ ముంజేతి మీద నున్నగా మెరిసే మచ్చ నేర్పింది. ఎప్పుడో వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఎగజిమ్మిన నీళ్లు చేసిన మచ్చ అది, పెళ్లయిన కొత్తలో ఆ చోటు వేలికి తగిలితే అక్కడి చర్మం వేరే మనిషిదిలా ఉండేది. ఇప్పుడు అతనికి మిగిలిన చెయ్యి అదే. ముందు సీట్లో, పక్కకు ఒరిగిపోకుండా ఆమె తువ్వాలతో సీటుకు కట్టిన మనిషి ఒళ్లో, శాలువా మీద, ఆ చెయ్యి కదలకుండా ఉంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఇంకా సన్నగా లేస్తోంది. కెరమెరి ఘాట్‌లో కొండ వైపు కాస్త వెడల్పున్న మలుపులో జీపును ఆపి, వెనక చక్రాలకు రెండు రాళ్లు అడ్డం పెట్టి, ఆమె మళ్లీ స్టీరింగ్ ముందుకే వచ్చి కూర్చుంది, కూర్చోవడానికి ఇంకో చోటు లేదు కాబట్టి. పదకొండు కావస్తోంది. డిసెంబరు ఎండ చెట్ల కొసల మీదే ఉండిపోయి రోడ్డు దాకా దిగడం లేదు. పత్తి లారీలు రాసుకుంటూ పోయిన కొమ్మలకు తెల్లటి పింజలు వేలాడుతున్నాయి, గాలి లేదు, అవి కూడా ఊగడం లేదు. కాగజ్‌నగర్‌లో ఏడున్నరకు బయలుదేరితే ఈపాటికి ఉట్నూరు చేరాలి. అక్కడ పెద్దాడబిడ్డ సత్తమ్మ తమ్ముడి కోసం మంచం వేసి పెట్టుకుని ఉంటుంది. ఫోన్ చేసి చెబుదామంటే ఈ మలుపులో సిగ్నల్ లేదు. గంట. అంతే కదా. ఒక గంట ఈ మనిషి పక్కన ఊరికే కూర్చోలేనా అనుకుంది, కానీ ఆ గంట తర్వాత మిగిలింది ఒక్క నలభై కిలోమీటర్లు, ఆ తర్వాత అతని పక్కన కూర్చునే పనే లేదు.

నీళ్లు ఎటు పోతున్నాయి? ఈ ప్రశ్న నెల రోజుల నుంచి ఆమె తలలో తిరుగుతోంది, గిన్నెలు తోముతున్నా, అతనికి పక్క మారుస్తున్నా, జీపులో వెనకెక్కిన ఆడవాళ్లు పెళ్లి ముచ్చట్లు చెప్పుకుంటుంటే అద్దంలో వాళ్ల నోళ్లు చూస్తున్నా. పొద్దున రేడియేటర్ నిండా పోస్తుంది, సాయంత్రానికి అరలీటరు లేదు, మొన్నటి నుంచి లీటరు లేదు. కారితే కనపడాలి కదా. పాత అట్టపెట్టె విప్పి రాత్రి ఇంజన్ కింద పరిచింది, పొద్దున టార్చి వేసి చూస్తే అట్ట పొడిగా, పిల్లి పడుకున్న గుర్తు తప్ప ఇంకేమీ లేకుండా ఉంది. పైపుల మీద బట్టతో తుడిచింది, బట్టకు మట్టే అంటింది. నంబరు పలక మీద ఇంకా పాత రాష్ట్రం అక్షరాలే ఉన్న ఇరవై మూడేళ్ల జీపు. దానికి ఎన్ని రోగాలైనా ఉండొచ్చు, కానీ నీళ్లు తాగి అవి ఎటు పోయాయో చెప్పని రోగం ఏమిటి? నీళ్ల సంగతి ఒకటైతే పొద్దున స్టార్ట్ కాకపోవడం ఇంకొకటి. సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్కుమని గోడకు గుద్దుకున్నట్టు ఆగుతుంది, మళ్లీ కొడితే మూలిగి మూలిగి లేస్తుంది, లేచిన రెండు నిమిషాలు కాలు కుంటినట్టు ఎగిరెగిరి పడుతుంది, వెనక తెల్లటి పొగ, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలుగా తిరుగుతుంది. మెకానిక్ ఓంప్రకాశ్, శ్యాంసుందర్‌కు పాత దోస్తు, చూసి నవ్వాడు. "చలికాలం వదినె. పాత డీజిల్ బండ్లు గిట్లనే సతాయిస్తయి. మనకే పొద్దుగాల లేవబుద్ధి కాదు, దానికెట్లైతది?" అని సిలిండర్లను వేడెక్కించే హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేశాడు, రేడియేటర్ మూత మార్చాడు, పైపుల క్లిప్పులు బిగించాడు. "ఫికర్ చెయ్యకుర్రి" అన్నాడు. ఆ మాట విని ఆమె ఎంత హాయిగా ఇంటికి వచ్చిందో. మరుసటి రోజు పొద్దున మళ్లీ టక్. ఓంప్రకాశ్ దగ్గరికి మళ్లీ పోలేదు. ఆడది, ఊరికే భయపడుతుంది అనుకుంటాడని కాదు, అతను షెడ్డులోంచి బయటికి వచ్చి మొదట అడిగే మాట "మావోడు ఎట్లున్నడు?" కాబట్టి. దానికి రెండేళ్లలో చెప్పగలిగిన జవాబులన్నీ అయిపోయాయి.

మావోడు ఎట్లున్నడు. రెండేళ్ల కిందట పళ్లు తోముకుంటూ తోముకుంటూ వేపపుల్ల చేతిలోంచి జారి, దాన్ని అందుకోబోయి, అందుకోలేక, బావి గట్టు మీద కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. మాటల్లో ఒక్కటి మాత్రం ఎందుకో వెనకపడి మిగిలిపోయింది. గదే. ఆకలైనా గదే, ఉక్కపోసినా గదే, టీవీలో పాట వచ్చినా గదే, పక్క తడిసినా గదే. మొదటి నెలల్లో ఆమె ఆ ఒక్క మాటకే వంద అర్థాలు వెతికేది, గొంతు ఎత్తునుబట్టి, కళ్లనుబట్టి, నీళ్లా, చలా, దోమలా, మంజులకు ఫోన్ చెయ్యమంటావా అని ఒక్కొక్కటీ అడిగేది, కాదంటే మళ్లీ మొదటి నుంచి. కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతున్న బిడ్డ మంజుల అదే చెయ్యమంది, అవ్వా, ఓపిగ్గ అడుగు, బాపుకు అన్నీ సమజైతయి, చెప్పరాదు అంతే అంది. అడిగింది. ఏడాది అడిగింది. ఆ తర్వాత ఎప్పటి నుంచో అడగడం తగ్గింది, ఏ రోజు నుంచి అంటే చెప్పలేదు. గదే అంటే సరేలే అని చెంబు అందించడం, దుప్పటి కప్పడం, ఏదో ఒకటి చేసి పక్కకు తిరగడం. ఈ నెల రోజుల నుంచి పొద్దున పూట అతనిది కొత్త గోల. ఆమె కిటికీ బయట జీపును స్టార్ట్ చెయ్యబోతే చాలు, లోపల మంచం మీద నుంచి గదే గదే అని అరుపు, ఎడమ పిడికిలితో గోడను దబదబ బాదడం. ట్రిప్పుకు పోతే నాలుగైదు గంటలు ఒక్కడినే ఉండాలని ఆ అల్లరి. ఉండక ఏం చెయ్యాలి, నేను పోకపోతే ఇల్లు ఎట్ల నడుస్తది అని మనసులోనే అరిచి, బయట నుంచి గొళ్లెం పెట్టి, ఆ గోడ చప్పుడు వినపడకుండా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కేది.

పక్కకు చూసింది. అతను అద్దంలోంచి ఎదురుగా ఉన్న బానెట్‌నే చూస్తున్నాడు. ఈ సీటు తనది కాదు, ఆ స్టీరింగ్ తనది. ఎన్నేళ్లు తిప్పాడు దాన్ని, కాగజ్‌నగర్ నుంచి ఆసిఫాబాద్, ఆసిఫాబాద్ నుంచి కాగజ్‌నగర్, కాగితం మిల్లు షిఫ్టుకు పోయేవాళ్లు, సంతకు పోయేవాళ్లు, వెనక తొట్టి మీద ఇద్దరు నిలబడి. మిల్లు మూతపడ్డ ఏడాది బండి ఎక్కే మనిషి లేకపోయాడు. ఊరు ఊరంతా మొహం వేలాడేసుకుని తిరిగేది, ఆ సైరన్ మోగకపోతే ఎంతైందో తెలియక ఆడవాళ్లు అన్నం పొద్దెక్కాక వండేవాళ్లు. అయినా, ఇది ఎవరికీ చెప్పుకోలేదు, తన బతుకులో మంచి రోజులు ఏవి అంటే వినోదకు గుర్తొచ్చేవి అవే. పని లేని మనిషి ఒక సాయంత్రం మంజులను వెనక కూర్చోబెట్టి, రా పోదాం అని ఊరి చివర ఖాళీ గ్రౌండుకు తీసుకుపోయాడు, దిగి, ఇటు వైపు వచ్చి, ఆమెను స్టీరింగ్ వైపు నెట్టాడు. క్లచ్ మీద ఆమె కాలు, ఆమె కాలి మీద అతని కాలు. "మెల్లగ. మెల్లగ ఇడ్వు. కోడిపిల్లను నేల మీద పెట్టినట్టు." జీపు కప్పలా గెంతి ఆగిపోతే ముగ్గురూ పడి పడి నవ్వారు. నెల తిరిగేసరికి ఆమె గ్రౌండు చుట్టూ గుండ్రంగా తిప్పేది, అతను మధ్యలో గడ్డిలో పడుకుని కళ్లు మూసుకుని, "మూడో గేరు ఇప్పుడెయ్యాలె, ఆలస్యం చేసినవ్" అని వినికిడి మీదే చెప్పేవాడు. ఇంజన్ కూడా నేర్పు అని అడిగింది. "డ్రైవింగ్ నీది, ఇంజన్ నాది. రెండూ నువ్వే చేస్తే ఇంక నేనెందుకే?" అన్నాడు. సరదాకే అన్నాడు. ఆ సరదా మాట ఇప్పుడు ఈ జీపులో, ఈ ఇద్దరి మధ్య, గేర్ రాడ్డు పక్కన ఎక్కడో కూర్చుని ఉన్నట్టు అనిపించి ఆమె చూపు తిప్పుకుంది.

దీపావళికి ముందు వారం. గొళ్లెం తీసి లోపలికి పోతే మంచం ఖాళీ. మంచానికీ గోడకూ మధ్య నేల మీద బోర్లా పడి ఉన్నాడు. పదింటికి ట్రిప్పుకు పోయింది, రెండింటికి వచ్చింది. ఎప్పుడు పడ్డాడో, ఎంతసేపు పిలిచాడో. పక్కింటివాళ్లకు వినపడే ఉంటుంది, కానీ రోజూ వినపడే మాటే కదా అది. చెంప కింద నేల తడిగా ఉంది, చెవి దగ్గర చీమలు. తిప్పి కూర్చోబెడితే ఆమె మొహం వంక కూడా చూడలేదు, గోడ వైపు చూశాడు. ఆ రాత్రి సత్తమ్మ ఫోన్‌లో "నా తమ్మున్ని నా దగ్గరికి తోలు పిల్లా. నేను ఇంట్లనే ఉంట. నువ్వు మాత్రం మనిషివి కాదా? జర నడుం వాల్చు" అంటే, నడుం వాల్చు అన్న మాటకే ఏడుపు వచ్చింది. అతన్ని అక్కడికి పంపాలన్న ఆలోచన నిన్నటి దాకా మెల్లగా, నాటు వేసిన మొక్కలా పెరిగింది. అతనికి పది రోజులు అని చెప్పింది. నిన్న సాయంత్రం సంచి సర్దుతూ, స్వెటర్లు పెట్టింది, లుంగీలు పెట్టింది, ఆ తర్వాత ఎండాకాలం వేసుకునే చేతుల్లేని బనియన్లు కూడా పెట్టింది, వికలాంగుల సర్టిఫికెట్టు, ఆసుపత్రి కాగితాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి అడుగున పెట్టింది. మంచం మీద నుంచి అతను చూస్తూనే ఉన్నాడు. గదే అనలేదు. అసలు నిన్నటి నుంచి ఆ మాట కూడా అనలేదు. ఇవాళ పొద్దున జీపు స్టార్ట్ చేసినప్పుడు అతను పక్కనే ఉన్నాడు కాబట్టి గోడ లేదు, బాదలేదు. డాష్‌బోర్డు మీద ఎడమ అరచెయ్యి పెట్టి, ఇంజన్ కుంటుతున్నంతసేపూ దాని మీదే ఉంచి, తీసేశాడు.

ఎంతైంది? ముప్పావు గంట. ఒక మోటారుసైకిల్ పైనుంచి దిగింది, ఆగలేదు. సీసాలో నీళ్లు అతని నోటికి పెట్టింది, కుడి మూల నుంచి కారిన చుక్కను కొంగుతో తుడిచింది, చెయ్యి తనంతట తానే ఆ పని చేసింది. ఎవరితో మాట్లాడాలి? ఇది కూడా ఎవరికీ చెప్పుకోలేనిదే, జబ్బు మనిషిని ఇంట్లో పెట్టుకుని నాకు మాట్లాడే మనిషి లేడంటే నవ్వుతారు. కానీ నిజం, ఆమెకు అన్నిటికంటే కష్టం పక్క బట్టలు కాదు, ఎత్తి దించడం కాదు, రాత్రి అన్నం తినేటప్పుడు ఇవాళ ఏమైందో తెలుసా అని మొదలుపెట్టి ఆగిపోవడం. మొదట్లో చెప్పేది. అతను వినేవాడు. చెప్పి చెప్పి, తన గొంతు ఒక్కటే ఇంట్లో తిరుగుతుంటే బావిలోకి తొంగిచూసి పిలుచుకున్నట్టు భయమేసి మానేసింది. సత్తమ్మ ఇంటి నుంచి ఒక్కతే తిరిగి వచ్చాక ఎలా ఉంటుంది? గొళ్లెం లేని తలుపు. ఎప్పుడు పోయినా, ఎప్పుడు వచ్చినా. ఒకరికే అన్నం. తెల్లారేదాకా నిద్ర. ఆ నిద్ర ఆమె ఒంటికి ఎంత కావాలో ఊహించుకుంటేనే కళ్లు మూసుకుపోయాయి, మూసుకున్న కళ్ల వెనక ఆ మంచం, ఖాళీగా, నులక తాళ్లు మధ్యలో కుంగి, మనిషి ఆకారంలో కనపడి ఉలిక్కిపడి లేచింది.

గంట దాటింది. బానెట్ ఎత్తి, మూత మీద తడిబట్ట వేసి, కొంచెం కొంచెం తిప్పింది. బుస్సుమని ఊపిరి వదిలింది, అంతే. లోపల నీళ్లు కనపడలేదు. వంగి కింద చూసింది, రోడ్డు పొడిగా ఉంది. క్యానులోంచి పోస్తూ పోతే రెండు లీటర్లకు పైనే పట్టింది. రెండు లీటర్లు! మూత పెట్టి, వచ్చి కూర్చుని, తాళం తిప్పింది, హీటర్ దీపం ఆరేదాకా ఆగింది, సెల్ఫ్ కొట్టింది. టక్. ఇంజన్ ఒక్క అంగుళం కదిలి, ఇనుప గోడకు గుద్దుకున్నట్టు నిలిచిపోయింది. ఇంత గట్టిగా ఎప్పుడూ పట్టలేదు. మళ్లీ కొట్టబోతే ఆమె మణికట్టు మీద అతని చెయ్యి పడింది. ఎడమ చెయ్యి, అటు నుంచి ఇటు ఒళ్లంతా తిప్పి, తువ్వాల లాగుకుపోతుంటే, చేపను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో ఇంకా అంత బలం ఉందని ఆమెకు తెలియదు. "గదే" అన్నాడు. "ఇడ్వు" అంది. వదల్లేదు. "గదే గదే." తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, వద్దు, కళ్లు పెద్దవి చేసి వద్దు. ఆమెకు అర్థమైంది. పోవద్దంటున్నాడు. అక్కడికి తీసుకుపోవద్దంటున్నాడు.

"ఏం వద్దు?" అంది, గొంతు అడవిలో మోగింది. "ఏం చెయ్యాలె మరి నేను? ఔ, పది రోజులు కాదు! ఇడ్సిపెట్టనీకె తీస్కపోతున్న. ఎండకాలం బనియన్లు గూడ పెట్టిన, సూసినవ్ గద! నాతోని ఐతలేదు. నువ్వు పడ్డనాడు నాలుగు గంటలు నేల మీదున్నవ్, నేను ఆసిఫాబాద్ స్టాండుల చాయ తాగుతున్న. చాయ తాగుతున్న నేను! రేపు మళ్ల పడితే? సచ్చి ఉంటే గొళ్లెం తీసి సూసుడు నాతోని కాదు. నీకు మాట రాదు, సరే. నాకొస్తది గద, నేనెవలతోని మాట్లాడాలె? చెప్పు, ఎవలతోని?" ఇంకా ఏవేవో అంది. అతని అక్కను, ఓంప్రకాశ్‌ను, ఊరిని, వేపపుల్లను కూడా తిట్టింది. అతను పట్టు వదల్లేదు, కోపం తెచ్చుకోలేదు, ఇరుకు వంతెన మీద ఎదురు లారీ దాటేదాకా పక్కన ఆగినట్టు ఆగాడు. ఆమె అలిసిపోయి, కొంగుతో ముక్కు తుడుచుకున్నాక, మణికట్టు వదిలి, తాళం వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. తర్వాత బానెట్ వైపు చూపించాడు. తర్వాత ఆమె మొహం ముందు మూడు వేళ్లు ఎత్తాడు.

మూడు. ఏం మూడు? అతను వేళ్లు మడిచి పిడికిలితో డాష్‌బోర్డు మీద కొట్టాడు. దబ్, దబ్, దబ్. ఆగాడు. మళ్లీ దబ్, దబ్, దబ్. అప్పుడు ఆమెకు ఆ గోడ వినపడింది. నెల రోజుల నుంచి, రోజూ పొద్దున, కిటికీ లోపలి నుంచి వినపడిన గోడ. దబదబ కాదు. మూడేసి. ప్రతిసారీ మూడే కొట్టి ఆగేవాడు, తను వినలేదు, యాక్సిలరేటర్ తొక్కింది. "మూడో సిలిండరా?" అంది. అతని మొహంలో ఏదో జారి కింద పడ్డట్టు మొత్తం మారిపోయింది, కళ్లు మూసి తెరిచాడు, తల పైకీ కిందికీ, పైకీ కిందికీ ఊపాడు. నన్ను విడిచిపెట్టకు అని కాదు అతనన్నది. సెల్ఫ్ కొట్టకు అన్నాడు. సంచి సంగతి నిన్ననే తెలుసు అతనికి, దాని మీద ఒక్క మాట కూడా ఖర్చుపెట్టలేదు. ఉన్న ఒక్క మాటా ఇంజన్ విరగకుండా ఆపడానికి వాడాడు. ఆమెకు సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే, చాలా కాలం తర్వాత, ఒకరు తనతో మాట్లాడినట్టు అనిపించింది.

టూల్ బాక్సు అతని పక్క కిటికీ దగ్గరికి తెచ్చి, ఒక్కొక్క పానా ఎత్తి చూపించింది. అది కాదు, అది కాదు, ఆ. ఫ్యాన్ వైపు నుంచి లెక్కపెట్టి మూడో హీటర్ ప్లగ్ మీద వేలు పెట్టి, ఇదేనా అని కేక వేసింది. బానెట్ అడ్డం, కనపడడు, తలుపు మీద ఒక్క దెబ్బ వినపడితే ఔను, రెండైతే కాదు అని అప్పటికప్పుడు ఇద్దరి మధ్యా ఏర్పాటైపోయింది. తీగ విప్పింది, వేళ్లు చర్రుమన్నాయి, ప్లగ్ ఊడి వచ్చింది. తలుపు మీద ఒక్క దెబ్బ. అంటే ఇప్పుడు కొట్టొచ్చు. లోపలికి వంగి సెల్ఫ్ కొట్టింది. ఆ రంధ్రంలోంచి నీళ్లు పిచికారీలా లేచి, బానెట్ లోపలి రేకుకు తగిలి, వాన పడ్డట్టు ఇంజన్ మీద కారాయి. రేడియేటర్ నీళ్లే, గోరువెచ్చగా, డీజిల్ వాసనతో. మళ్లీ కొట్టింది, ఇంకొంచెం. ఇక్కడికా పోతున్నది! బయటికి కాదు, లోపలికి. రాత్రంతా మూడో సిలిండర్లోకి కారి పొద్దున సెల్ఫ్‌ను పట్టేసింది, పగలు మండి తెల్లటి పొగై పోయింది; చలికి ఊరందరి నోళ్లలోంచి పొగ వస్తుంటే జీపు పొగ ఎవరికి అనుమానం? ప్లగ్ బిగించి స్టార్ట్ చేస్తే కుంటుతూ లేచింది. మూత తీసి చూడమని సైగ చేస్తే పోయి చూసింది, రేడియేటర్ నోటి దగ్గర నీళ్లు అన్నం ఎసరులా బుడబుడమని బుడగలు కక్కుతున్నాయి. "హెడ్డు గ్యాస్కెట్ పోయింది గదా?" అంది కిటికీ దగ్గరికి వచ్చి, నీళ్లు సిలిండర్లోకి పోకుండా ఆపే అట్ట అదని స్టాండులో డ్రైవర్లు చెప్పుకోగా విన్నది. అతను నవ్వాడు, సగం మొహంతో. తర్వాత అరచెయ్యి పైకి ఎత్తి కాదన్నాడు, కిందికి దించి ఔనన్నాడు. ఎత్తు ఎక్కితే ఇంజన్ పోతుంది. కిందికైతే దిగొచ్చు.

అప్పుడే ఆసిఫాబాద్ వైపు నుంచి ఉట్నూరు బస్సు మూలుగుతూ వచ్చి పక్కన ఆగింది. కండక్టరమ్మ తల బయటపెట్టింది, పాతికేళ్లుంటాయేమో, మంకీ క్యాపు. "ఏమైందక్కా, బండి ఫెయిలా? ఉట్నూరేనా? ఖాళీగనే ఉన్నది, ఎక్కుర్రి. అన్నను నేనొక పక్క పట్టుకుంట." దిగనే దిగింది, మంచి పిల్ల. ఎంత తేలిక. పది నిమిషాల పని. సత్తమ్మ ఇంటి ముందే స్టేజీ. వినోద జీపు వైపు తిరిగింది. శ్యాంసుందర్ అప్పటికే వెనక సీటు మీదికి చెయ్యి చాచి, సంచి పట్టీకి వేలు తగిలించి, గుంజి గుంజి తన ఒళ్లోకి తెచ్చుకున్నాడు. దాన్ని ఛాతీకి ఆనించుకుని, ఆమె వైపు కాకుండా, రోడ్డు వైపు చూస్తూ, సిద్ధంగా కూర్చున్నాడు. పోతానంటున్నాడు. ఆమె నోరు విప్పే అవసరం కూడా లేకుండా చేస్తున్నాడు. అరిచి ఏడ్చినా ఇంత నొప్పి పుట్టేది కాదు. రెండేళ్ల అలసట ఒంట్లో ఎక్కడిదక్కడే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు, నిద్ర ఇంకా కావాలి. అయినా ఆ సంచి అతను అలా పట్టుకోవడం ఆమె చూడలేకపోయింది. "వద్దు చెల్లె, మీరు పోర్రి. మేము కిందికి దిగుతున్నం" అంది. కండక్టరమ్మ ఇద్దరినీ ఒకసారి చూసి, "పైలం అక్కా, మెల్లగ దిగుర్రి" అని ఎక్కేసింది.

సంచి అతని ఒళ్లోంచి తీసి వెనక పెట్టింది. తువ్వాల మళ్లీ బిగించి కడుతూ, మొహం మొహం దగ్గరగా ఉన్నప్పుడు చెప్పింది. "సూడు. ఓంప్రకాశ్‌తోని హెడ్డు ఇప్పిస్త. ఐనంక నువ్వు ఇంట్ల పండుడు లేదు, ట్రిప్పుల గీ సీట్ల కూసుంటవ్. నాకు యాష్టకొస్తది, తిడుత. నా తిట్లు పడాలె." అతను ఆమె నుదుటి మీద అంటిన నల్లటి గ్రీజును బొటనవేలితో తుడవబోయి ఇంకా పులిమాడు.

రెండో గేరులో, ఇంజన్ వేడి చూపే ముల్లును చూసుకుంటూ, రెండుసార్లు ఆపి నీళ్లు పోసుకుంటూ దిగారు. అడవి పలచబడి కెరమెరి ఇళ్లు కనపడే చోట ఫోన్ టింగుమంది. సత్తమ్మవి ఆరు కాల్స్. పక్కకు ఆపి, స్పీకర్ పెట్టి, ఇద్దరి మధ్యా ఫోన్ ఉంచింది. "యాడిదాక వచ్చిన్రే? ఎంతసేపాయె! వానికిష్టమని అనపకాయ కూర వండిన, చల్లగైపాయె" అంది సత్తమ్మ.

"ఒదినె, మేము వస్తలేం. బండి పాడైంది. బండి బాగైనా... తోలుకరాను."

అవతల గరిటె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత సత్తమ్మ గొంతు, ఎప్పుడూ గదమాయించే గొంతు, పీలగా వచ్చింది. "వాడొస్తడని రెండు రోజుల సంది ఇల్లు అలుకుతున్న పిల్లా. మా ఇంటాయన పోయి ఐదేండ్లాయె. నాకు మాత్రం ఎవలున్నరు, ఇంట్ల ఒక్క మనిషి చప్పుడు లేదు."

తనను నడుం వాల్చనియ్యడానికే సత్తమ్మ తమ్ముణ్ని పిలిచింది అనుకుంది వినోద ఇన్నాళ్లూ. ఉట్నూరులో ఒక ఇల్లు, ఒక ముసలి మనిషి, ఒక అలికిన నేల ఉన్నాయని, అక్కడా ఎవరో అన్నం ముందు కూర్చుని మాట మొదలుపెట్టి ఆగిపోతున్నారని తట్టనే లేదు. "అయితే నువ్వే రా ఒదినె" అంది. "వారం దినాలుండు, నెల దినాలుండు. ఉండిపో."

"నా మేకలో?"

"పట్టుకరా. జీపు బాగైనంక నేనే వస్త, తోలుకొస్త."

సత్తమ్మ సరే అనలేదు, రాను అనలేదు. అవతల మేక ఒకటి అరిచింది, గిన్నె మీద మూత జరిపిన చప్పుడైంది. ఇటు ఇంజన్ ఆగి ఉంది, టక్ టక్‌మని చల్లారుతోంది. శ్యాంసుందర్ కొంచెం వంగి, చెవి ఫోన్ వైపు తిప్పాడు. ఫోన్ ఎవరూ పెట్టెయ్యలేదు.